మూడు తాళ్ళ పడవ

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే నేను కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం మానేశాను. పదకొండేళ్ళు కూర్చుని అద్దాలు అరగదీసిన చోటు. ఓనరు నా కాగితం రెండుసార్లు చదివి, "ఇంకెక్కడైనా పిలిచారా?" అన్నాడు.

"లేదండీ. మా నాన్న దగ్గర పనిచేద్దామని."

"ఆ స్టాంపుల పనా?" అని కళ్ళజోడు మీంచి చూశాడు. "సరే, నీ ఇష్టం. మళ్ళీ వస్తానంటే మాత్రం కుర్చీ ఖాళీగా ఉండదు."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. అంత ధీమాగా మళ్ళీ ఎప్పుడు నవ్వానో గుర్తులేదు.

మా నాన్న పాత తపాలా స్టాంపుల పరీక్షకుడు. స్టాంపులు సేకరించే పిచ్చివాళ్ళకి మా ఊళ్ళో ఒక సంఘం ఉంది. వాళ్ళలో ఎవరికి ఏ స్టాంపు మీద అనుమానం వచ్చినా కవర్లో పెట్టి మా ఇంటికి పంపేవాళ్ళు. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న రెండు స్టాంపుల్లో ఏది మొదటి అచ్చుదో, ఏది తర్వాతదో, ఏది ఎవడో ఇంట్లో కూర్చుని దిద్దిందో చెప్పడం నాన్న పని. అసలుదైతే దాని వెనక, కింద కుడి మూలన, మెత్తటి పెన్సిల్‌తో ఆవగింజంత గుర్తు వేస్తాడు. ఒక నెలవంక, దాని ఒళ్ళో ఒక చుక్క. ఆ గుర్తు పడిందంటే ఇంకెవరూ నోరెత్తరు. నలభై ఏళ్ళుగా సంపాదించుకున్న పేరు అది.

మూడేళ్ళుగా ఆ గుర్తు వేస్తున్నది నేను. ఆ సంగతి మా ఇంట్లో ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియదు.

నాన్న కళ్ళకి తెర కమ్మింది. రోజూ పదిమంది కళ్ళు చూసే షాపులో పనిచేసే దాన్ని, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? దీపం చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయని అమ్మతో అంటుంటే విన్నాను. "ఆపరేషన్ చేయించుకో నాన్నా, అరగంట పని" అంటే అంతెత్తున లేచాడు. "చేయించుకున్నానని తెలిస్తే ఏమంటారో తెలుసా? ఇన్నాళ్ళూ కనపడకుండానే గుర్తులేశాడా అంటారు. వేసినవన్నీ వెనక్కొస్తాయి." పైగా పెన్సిలు పట్టుకుంటే చెయ్యి వణుకుతోందన్నాడు. పట్టుకుని చూపించాడు. నిజమే, మొన వణికింది.

అలా నేను ఆయన కళ్ళయ్యాను, చెయ్యీ అయ్యాను. సాయంత్రం షాపు నుంచి రాగానే లెన్సు పట్టుకుని కూర్చునేదాన్ని. నాన్న అడిగేవాడు, నేను చెప్పేదాన్ని, ఆయన తేల్చేవాడు, నేను గుర్తు వేసేదాన్ని. చిన్నప్పటి నుంచీ దేన్నైనా కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తానని నాన్న నన్ను భూతద్దం అని పిలిచేవాడు. ముప్పై ఆరేళ్ళొచ్చినా ఆ పేరు పోలేదు. ఆ పిలుపంటే నాకు చెప్పలేనంత ఇష్టం.

గుర్తు వేయడం నేర్చుకోడానికి నాకు నెల పట్టింది. దీపస్తంభం బొమ్మ ఉన్న నీలం స్టాంపులు మా ఇంట్లో కట్టలు కట్టలు ఉంటాయి. అవి ఎవరికీ అక్కర్లేనివి. వాటి వెనక వేసి వేసి చెయ్యి తిప్పుకున్నాను. ఒకరోజు నాన్న పాత గుర్తు పక్కన పెట్టుకుని, "నీ చుక్క వంకకి సరిగ్గా మధ్యలో ఉంది నాన్నా. నాకు చెప్పింది మాత్రం కింది కొమ్ముకి ఆనించి వెయ్యమని. ఏది వెయ్యను?" అని అడిగాను.

"కొమ్ముకి ఆనించే వెయ్యి. ఈమధ్య నా చెయ్యి అలాగే జారుతోంది. ఉన్నట్టుండి మళ్ళీ మధ్యలోకి పోతే పాతవాళ్ళు పట్టేస్తారు" అన్నాడు.

సబబుగానే ఉందనిపించింది. అచ్చు ప్లేటు కూడా వాడగా వాడగా అరుగుతుంది, గీతలు జరుగుతాయి. నాన్న గుర్తుకి మొదటి అచ్చు, రెండో అచ్చు అని నాలో నేనే పేర్లు పెట్టుకుని నవ్వుకున్నాను. వెంట్రుకవాసి తేడా పట్టుకోవడమే బతుకుగా పెట్టుకున్న మనిషిని, ఆ తేడా చేతిలో పెట్టినా ఎందుకని అడగలేదు. నాన్న చెప్పాడు కదా.

ఆ ఏడు కవర్లు ఎక్కువయ్యాయి. వానాకాలం చివర్లో జరిగే సంఘం సభలో నన్ను రెండో పరీక్షకురాలిగా నిలబెడతానన్నాడు నాన్న. "ఇంక దాక్కుని చెయ్యక్కర్లేదు. నీ గుర్తు నువ్వే ఎంచుకో" అన్నాడు. ఆ మాట మీదే షాపు మానేశాను. గుర్తు కూడా ఎంచుకున్నాను. చిన్న తాళంచెవి. పాత పేపర్ల అంచుల మీద ఎన్ని తాళంచెవులు వేశానో లెక్కలేదు.

వానాకాలం స్టాంపులకి చెడ్డకాలం. వెనకున్న జిగురు చెమ్మ పీల్చుకుని ఒకదానికొకటి అంటుకుపోతాయి. అల్మారా నిండా సుద్దముక్కలు పెట్టేవాళ్ళం, చెమ్మ లాక్కోడానికి. అమ్మ తడిబట్టలు భుజాన వేసుకుని ఆ గది గుమ్మంలో నిలబడి, "ఇంట్లో మనుషుల బట్టలు ఆరే దిక్కులేదు గానీ, ఈ కాగితమ్ముక్కలకి మాత్రం రాజభోగాలు" అనేది. గదంతా బెంజీన్ వాసన. స్టాంపుని నల్ల పళ్ళెంలో బోర్లాపెట్టి ఒక చుక్క బెంజీన్ వేస్తే కాగితంలో దాగున్న నీటిగుర్తు, అదే వాటర్‌మార్కు, పైకి తేలుతుంది. ఎవడైనా కాగితం గీకి ఉంటే పలచబడిన చోటు నల్లగా కనిపిస్తుంది. రెండు క్షణాల్లో ఆరిపోతుంది. ఆ రెండు క్షణాలూ కళ్ళలో వత్తులు వేసుకుని చూడాలి.

అలాంటి ఒక ముసురు రోజున పళ్ళ డాక్టరు వచ్చాడు. సంఘంలో పాత సభ్యుడు. మనుషుల పళ్ళు చాలవన్నట్టు స్టాంపుల అంచు పళ్ళు కూడా లెక్కపెడతాడని నాన్న ఆటపట్టించేవాడు. గొడుగు గుమ్మంలో పెట్టి, చొక్కా లోపలి జేబులోంచి కవరు తీశాడు.

"మా నాన్నగారి ఆల్బంలోది. పడవ నీలం, మూడు తాళ్ళది. ప్రదర్శనకి పంపుదామని. మీ గుర్తు ఉంటే నాకు ధైర్యం."

నాన్న మొహం వెలిగిపోయింది. "మూడు తాళ్ళ పడవా! మీ నాన్నగారు ముప్పై ఏళ్ళ కిందట నాకు చూపించారయ్యా. ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఉంచి వెళ్ళు, వారంలో ఇస్తాను."

పడవ నీలం అంటే తెరచాప పడవ బొమ్మ ఉన్న స్టాంపు. మొదట కొద్ది రోజులే వేసిన అచ్చులో తెరచాప కొయ్య నుంచి మూడు తాళ్ళు దిగుతాయి. ప్లేటు అరిగితే చెక్కేవాడు దాన్ని మళ్ళీ చెక్కుతూ నాలుగో తాడు కలిపాడు. నాలుగు తాళ్ళవి కుప్పలుగా దొరుకుతాయి, మూడు తాళ్ళవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకని కొందరు ఘనులు నాలుగో తాడుని బ్లేడుతో గీకేస్తారు. కానీ ఇంకో తేడా ఉంది, అది చాలామందికి తెలియదు. మూడు తాళ్ళ అచ్చులో జెండా కొస పైనున్న చట్రానికి తగులుతుంది. నాలుగు తాళ్ళ దాంట్లో వెంట్రుకంత ఎడం ఉంటుంది. ఆ తేడా కనిపెట్టిందే మా నాన్న.

మర్నాడు పొద్దున్న కిటికీ పక్కన కూర్చుని లెన్సు పెట్టాను. తాళ్ళు మూడే. జెండా దగ్గరికి జరిపాను. ఎడం ఉంది. స్టాంపుని పక్కకి వంచి వెలుతురు ఏటవాలుగా పడేట్టు చూశాను. నాలుగో తాడు ఉండాల్సిన చోట కాగితం నూగు లేచింది. పళ్ళెంలో వేసి బెంజీన్ చుక్క వేస్తే సన్నటి నల్ల చార తేలి మాయమైంది.

"గీకింది నాన్నా. రెండో అచ్చుదే."

నాన్న కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. "పప్పులో కాలేశావు. మళ్ళీ చూడు."

"మూడుసార్లు చూశాను. జెండాకీ చట్రానికీ ఎడం ఉంది. నూగు లేచింది. చారా కనపడింది."

"ఆ స్టాంపు నాకు తెలుసే. కింద ఎడమ మూలన ఒక పన్ను పొట్టిగా ఉంటుంది. ఉందా లేదా?"

చూశాను. "ఉంది. పొట్టి పన్ను సవాలక్ష స్టాంపులకి ఉంటుంది నాన్నా."

"వాళ్ళ నాన్న దాన్ని నా అరచేతిలో పెట్టాడు. నేను నా కళ్ళతో చూశాను."

"అప్పుడు చూసింది ఇదేనని ఏముంది? మధ్యలో ముప్పై ఏళ్ళున్నాయి. ఎవరైనా మార్చేసి ఉండొచ్చు."

"అంటే? నా జ్ఞాపకం కూడా పోయిందంటావా? కళ్ళతో పాటు?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ వింటోందని తెలుస్తూనే ఉంది. నాన్న స్టాంపు అందుకుని తన లెన్సు కింద పెట్టుకుని చాలాసేపు చూశాడు. చూస్తున్నది స్టాంపుని కాదు, ముప్పై ఏళ్ళ కిందటి ఆ మధ్యాహ్నాన్ని. ఆ మాట నేను పైకి అనలేదు.

"అసలుదే. గుర్తు వెయ్యి."

"వెయ్యను నాన్నా. ఇది తప్పు."

"పరీక్షకుడిని నేనా, నువ్వా?"

"నువ్వే."

"మరి? సభలో నిన్ను నిలబెట్టాలంటే ముందు నా మాట వినడం నేర్చుకో. నా గుర్తుతో నీకు పెత్తనమేంటి? వెయ్యి."

వంటింట్లోంచి అమ్మ, "వెయ్యమంటున్నారుగా, వేసేస్తే ఓ పనైపోతుంది. పొద్దున్నే ఈ గోలేంటి?" అని అరిచింది.

వేశాను. చుక్క కింది కొమ్ముకి ఆనించి, ఎప్పటిలాగే నీటుగా వేశాను. తప్పని తెలిసి వేసిన గుర్తు అదొక్కటే. దానికి నేను ఎవరినీ తప్పుపట్టను. చెయ్యి నాది.

నెల తిరిగేసరికి సంఘం కార్యదర్శి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఉత్తరాలు నాన్నకి చదివి వినిపించేది నేనే కాబట్టి అదీ నేనే చదివాను. ప్రదర్శనకి పంపిన పడవ నీలాన్ని అక్కడివాళ్ళు పెద్ద యంత్రం కింద పెట్టి చూశారట. నాలుగో తాడు గీకేసినట్టు తేలిందట. డాక్టరుగారు నలుగురిలో తలెత్తుకోలేకపోయారట. దీనిమీద సభలో మాట్లాడాలి, దయచేసి రావలసింది అని రాశాడు.

నాన్న టీ గ్లాసు చేత్తో వెతుక్కుని పట్టుకున్నాడు. నేను "చెప్పానా?" అనలేదు. అనాలని నాలిక చివరదాకా వచ్చింది, కరుచుకున్నాను. ఆయన మొహం చూస్తే జాలేసింది. నిజంగా జాలే వేసింది, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

"సభలో ఏం చెప్తావు నాన్నా?"

"చెప్పాల్సింది చెప్తాను. నువ్వు కంగారుపడకు. ఆ రోజుకి మంచి బట్టలు కట్టుకో."

మంచి బట్టలు అనగానే నా బుర్ర ఎటో పోయింది. తప్పు ఒప్పుకుంటాడు, కళ్ళ సంగతి చెప్పేస్తాడు, ఇక మీద మా అమ్మాయి చూస్తుందంటాడు అనుకున్నాను. ఇస్త్రీ చేసుకున్నాను. నా తాళంచెవి గుర్తు ఒక తెల్లకాగితం మీద వేసి మడిచి పర్సులో పెట్టుకున్నాను.

సభ లైబ్రరీ వెనకున్న రేకుల హాల్లో. నలభై ఇనప కుర్చీలు, ముందు ఒక బల్ల. వాన రేకుల మీద దంచికొడుతోంది. ఎవరు ఏం చెప్పాలన్నా గొంతు చించుకోవాలి. అమ్మ వెనక వరసలో కూర్చుంది, మామూలుగా ఈ సభలకి రాదు. నాన్నే రమ్మన్నాడని తర్వాత తెలిసింది.

పళ్ళ డాక్టరు లేచాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచడం కూడా చేతకాలేదు. "మీ మీద కోపం లేదండీ. మీ గుర్తు చూసి పంపాను, అంతే. ఎలా జరిగిందో తెలిస్తే చాలు" అన్నాడు.

కార్యదర్శి స్టాంపుని బోర్లాపెట్టి లెన్సుతో చూసి, "పరీక్షకుడుగారూ, ఇది మీ గుర్తేనా?" అని అడిగాడు.

నాన్న స్టాంపు కోసం చెయ్యి చాపలేదు. "చుక్క ఎక్కడుంది?" అన్నాడు.

"ఎక్కడంటే... కింది కొమ్ముకి తగిలి ఉందండీ."

"అయితే నాది కాదు. నా చుక్క మధ్యలో ఉంటుంది. నలభై ఏళ్ళుగా మధ్యలోనే ఉంది. ఒక కాగితం ఇవ్వండి."

కాగితం, పెన్సిలు ఇచ్చారు. నాన్న బల్ల మీద వంగి పది గుర్తులు వేశాడు. పది నెలవంకలు, పది చుక్కలు. చూడకుండానే వేశాడు, చూడాల్సిన పని లేదు, చేతికి అలవాటే. పది చుక్కలూ మధ్యలో పడ్డాయి.

చెయ్యి వణకలేదు.

నేను ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. కార్యదర్శి నన్ను పిలుస్తున్నాడని పక్కనావిడ మోచేత్తో పొడిస్తే గానీ తెలియలేదు. లేచి నిలబడ్డాను.

"అమ్మా, మరి ఈ గుర్తు మీరు వేశారా?"

"వేశాను."

హాల్లో కలకలం రేగింది. వానలో కూడా వినపడింది.

"నాన్న చెప్తేనే వేశాను. ఇదొక్కటే కాదు, మూడేళ్ళుగా నేనే వేస్తున్నాను. ఇది గీకింది అని నేను చెప్పాను. ఆయనే వినలేదు."

కార్యదర్శి నాన్న వైపు చూశాడు. నాన్న మొహం నా వైపు తిప్పాడు. కానీ నా కళ్ళలోకి కాదు, నా చెవి పక్కనున్న గోడ వైపు. నేను ఎక్కడ నిలబడ్డానో ఆయనకి సరిగ్గా కనపడలేదు. "చిన్నప్పటి నుంచీ నా పక్కన కూర్చుని చూసింది. తనకీ వచ్చేసిందనుకుంది పాపం. నేను చూసేలోపే కవర్లు విప్పి తనే..." అని ఆపేశాడు. ఆ పాపం అన్న మాటకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అమ్మ విన్నది!" అని అరిచాను. "మా అమ్మని అడగండి. ఆ రోజు అమ్మ ఇంట్లోనే ఉంది."

నలభై తలలు వెనక్కి తిరిగాయి. అమ్మ లేచి నిలబడి కొంగు సర్దుకుంది. ఏదో అంది. వాన హోరులో వినపడలేదు.

"కాస్త గట్టిగా చెప్పండమ్మా" అన్నాడు కార్యదర్శి.

"నాకు స్టాంపుల సంగతి ఏం తెలుసు బాబూ? నేను వంటింట్లో ఉన్నాను. నేనేం వినలేదు" అని అమ్మ గట్టిగా చెప్పింది. అంత గట్టిగా చెప్పాల్సి వచ్చినందుకు మొహం ముడుచుకుని కూర్చుంది.

సభ అయ్యాక ముగ్గురం ఇంటికి బయల్దేరాం. నాన్న నా భుజం పట్టుకునే నడిచాడు, ఎప్పటిలాగే. గుంటలు వచ్చిన చోట "నీళ్ళు" అని చెప్పాను, ఎప్పటిలాగే. ఇంట్లో అడుగుపెట్టాక అడిగాను.

"మూడేళ్ళ కిందటే అనుకున్నావా నాన్నా? నాకు గుర్తు నేర్పిన రోజే?"

తడిసిన చెప్పులు విప్పుకుంటూ, "జాగ్రత్తపడ్డాను. అచ్చువేసేవాళ్ళు కూడా ఎవరి ప్లేటు ఏదో తెలియడానికి రహస్యంగా ఒక గీత పెట్టుకుంటారు. అది పద్ధతి. అందులో తప్పేముంది?" అన్నాడు.

"నలుగురిలో నన్ను నకిలీ అన్నావు."

"నకిలీ అనలేదే. నాది కాదు అన్నాను."

ఆయన దృష్టిలో ఆ రెంటికీ చాలా తేడా ఉంది. నాకు ఎంత వెతికినా కనపడలేదు.

అమ్మ దగ్గరికి వెళ్ళాను. పొయ్యి ముందు నిలబడి ఉంది, పొయ్యి వెలిగించలేదు. "ఎందుకు అబద్ధం చెప్పావమ్మా?" అన్నాను.

"ఆయన నలభై ఏళ్ళు సంపాదించుకున్నదంతా ఆ పేరే. అది పోతే ఏం మిగులుతుంది? మంచానపడతారు. నీకేం, వయసుంది, ఇంకో పేరు తెచ్చుకుంటావు" అంది. తర్వాత చాలా మామూలుగా, "తల తుడుచుకో, జలుబు చేస్తుంది" అంది. అప్పుడు ఏడ్చాను. పర్సులో తాళంచెవి కాగితం తడిసి ముద్దయిపోయింది.

పది రోజుల్లో సంఘం పత్రిక వచ్చింది. మొదటి పేజీలో రెండు గుర్తులు పెద్దవి చేసి పక్కపక్కన వేశారు, స్టాంపుల జాబితా పుస్తకాల్లో రెండు అచ్చులు చూపించినట్టే. ఎడమవైపు, చుక్క మధ్యలో: చెల్లుతుంది. కుడివైపు, చుక్క కొమ్ముకి ఆని: చెల్లదు. కుడివైపు గుర్తు ఉన్న స్టాంపులన్నీ తిరిగి పరీక్షకి పంపాలని కింద రాశారు. ఎవరు వేశారో రాయలేదు, అది వాళ్ళ మర్యాద. కళ్ళజోళ్ళ షాపుకి వెళ్తే ఓనరు కళ్ళు దించుకుని, "చెప్పానుగా తల్లీ" అన్నాడు. నా కుర్చీలో ఎవరో అమ్మాయి కూర్చుని అద్దం తుడుస్తోంది.

వానలు తగ్గుముఖం పట్టాయి. కవర్లు మొదలయ్యాయి. రోజుకి పది, పదిహేను. మూడేళ్ళ నా పనంతా గుమ్మంలోకి తిరిగొచ్చింది. వాటిలో తప్పుది ఒక్కటీ లేదు. నాకు తెలుసు, నాన్నకీ తెలుసు.

ఒకరోజు పొద్దున్న, చాన్నాళ్ళకి ఎండ కాసింది. గదిలోంచి నాన్న, "ఏమే భూతద్దం, ఇటు రా" అని పిలిచాడు. సభ అయ్యాక అదే మొదటిసారి. వెళ్ళాను. బల్ల మీద కవర్ల దొంతర, పక్కన రబ్బరు, పెన్సిలు, లెన్సు అన్నీ వరసగా పెట్టుకున్నాడు.

"కూర్చో. నువ్వు చూసి చెప్పు. పాత గుర్తు చెరిపెయ్యి. గుర్తు నేను వేస్తాను. ఎన్ని, రెండొందలుంటాయా? రోజుకి ఇరవై చేస్తే అయిపోతాయి" అన్నాడు. గొంతులో ఏ తడబాటూ లేదు. నిన్న ఆపిన పని ఇవాళ మొదలుపెట్టినట్టు అన్నాడు. "ముందు ఆ పైదాన్ని తియ్యి. మీ అమ్మ కవరు మీద చదివింది, ఎవరిదో పడవ నీలంట. ఎన్ని తాళ్ళు?"

కవరు తీశాను. లోపల నిజంగానే పడవ నీలం. మూడు తాళ్ళు, జెండా కొస చట్రానికి తగిలి ఉంది, అసలుసిసలుది. రెండేళ్ళ కిందట నేనే చూశాను, నేనే వేశాను. వెనక నా చుక్క కొమ్ముకి ఆని ఉంది, చెరపడానికి సిద్ధంగా.

దాన్ని మళ్ళీ కవర్లో పెట్టేశాను. అల్మారాలో కట్టలోంచి దీపస్తంభం నీలం ఒకటి లాగి, ట్వీజర్స్‌తో నాన్న ముందు పెట్టాను. అదే నీలం, అదే కొలత. దాని మీద పడవా లేదు, తాడూ లేదు.

"నువ్వే చూడు నాన్నా" అన్నాను.

లెన్సు తీసుకున్నాడు. వంగాడు. ముక్కు స్టాంపుకి తగిలేంత దగ్గరికి వంగాడు. కిటికీలోంచి ఎండ ఆయన తెల్లబడ్డ కంటిపాపల మీద పడుతోంది. చాలాసేపు చూశాడు. చెప్పేస్తాడేమో అనుకున్నాను. "నాకు కనపడటం లేదే, నువ్వు చెప్పు" అంటే చాలు, కూర్చుందును. రెండొందలూ చూసి పెడుదును. అంత పిచ్చిదాన్ని నేను, ఆ క్షణం దాకా.

నాన్న లెన్సు దించాడు.

"మూడు" అన్నాడు. "అసలుదే."

స్టాంపు తిరగేసి పెట్టాను. పెన్సిలు చేతికిచ్చి, వేలితో మూల చూపించాను. నెలవంక, చుక్క. చుక్క సరిగ్గా మధ్యలో పడింది. పత్రికలో ఎడమవైపు వేసిన బొమ్మ ఎలా ఉందో అలాగే.

"బాగా పడిందా?" అన్నాడు.

"బాగా పడింది."

ఆ స్టాంపు తీసి పర్సులో పెట్టుకున్నాను. సాయంత్రానికి సంచి సర్దుకుని ఇల్లు వదిలాను. అమ్మ గుమ్మం దాకా వచ్చింది, ఎక్కడికని అడగలేదు. వేరే ఊళ్ళో ఒక అద్దాల వర్క్‌షాపులో పని దొరికింది, ఇప్పటికీ అదే పని.

నేను వచ్చేసిన నెలకే నాన్న ఆరోగ్యం బాలేదని పరీక్షలు మానుకున్నాడు. ఆ కవర్లన్నీ చూడకుండానే వెనక్కి వెళ్ళాయట. సంఘంవాళ్ళు పెద్ద సభ చేశారు. ఆ పత్రిక అమ్మ నాకు పోస్టులో పంపింది, పక్కన ఒక్క ముక్క కూడా రాయకుండా. నాన్న ఫొటో వేసి, కింద నలభై ఏళ్ళలో ఒక్క తప్పు గుర్తు కూడా వేయని మనిషి అని రాశారు.

ఒకటి వేశాడు. అది నా దగ్గరుంది.